హద్దు గుంజ లేని ఫోటో

కృష్ణపట్నం
17 ఆగస్టు 2025, ఆదివారం

అక్కా,

నేనూ గంగాభవానీ బాగున్నాం. నీకు ఫోన్ చేస్తే నేను అరిచేది మీ వీధంతటికీ వినబడుతుంది, నీకు తప్ప. వాట్సాప్‌లో రాద్దామంటే కోడలి ఫోనులో చూడాలి, కోడలు చదవకూడని మాటలు మనకు కొన్ని ఉంటాయంటావు. అవేమిటో నాకు తెలియదు. అందుకని ఉత్తరమే నయం.

పోయిన ఆదివారం మడకుప్పం దాకా వచ్చి, ఇంట్లో అడుగు పెట్టకుండా గంటన్నర ఏటి ఒడ్డున బురదలో నిలబడి వెళ్ళిపోయానని నీకు కోపంగా ఉందట. నీ కొడుకు చిన్నానే చెప్పాడు. కారణం రాస్తున్నాను. నేను ఫోటోగ్రఫీ నేర్చుకుంటున్నాను. పోర్టులో మా పక్క విభాగం ఇంజనీరు ఊరు మారుతూ తన పాత కెమెరా నాకిచ్చి పోయాడు. యాభై రెండేళ్ళకు ఇదేం పిచ్చి అని గంగాభవాని అడిగింది. పదిహేనేళ్ళుగా కాటా దగ్గర కూర్చుని లారీ వచ్చిందా, తూచానా, పంపానా అంతే అక్కా. ఒక్క వస్తువునైనా తీరిగ్గా చూసింది లేదు. ఇప్పుడు చూస్తున్నాను. అదే ఆమెకు చెప్పాను. అయితే మిద్దె మీద నీళ్ళ ట్యాంకు చూసి రమ్మంది, కారుతోందట.

నేను వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను. అందులో గురువు చెప్పే మొదటి నియమం ఏమిటంటే, ముఖ్యమైన వస్తువును ఎప్పుడూ మధ్యలో పెట్టకూడదు. పక్కకు పెట్టాలి. రెండో నియమం, పొద్దు పొడిచే ముందు వెలుతురే అసలు వెలుతురు. ఆ వెలుతురు పోతుందనే ఇంట్లోకి రాలేదు. ఫోటోలు తీశాక చూస్తే పనికి టైమైంది. తప్పే, ఒప్పుకుంటున్నాను.

ఇందులో ఒక ఫోటో పెట్టాను. సుబ్బు వాళ్ళ పడవ. ఎలా ఉందో నిజం రాయి. పొగడాలని రాయొద్దు.

నీ తమ్ముడు
మాలకొండయ్య


మడకుప్పం
26 ఆగస్టు 2025

తమ్ముడికి,

నీ కవరు చేరింది. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. మోకాలు మామూలే.

పొగడొద్దన్నావు కాబట్టి నాకు సులువైంది. సుబ్బు వాళ్ళ పడవను ఒక మూలకు తోసేశావు. మధ్యలో ఏమీ లేదు. అక్కడికి ఇంకెవరైనా రావాల్సి ఉందా? సుబ్బుకు చూపిస్తే, నా పడవ పోయినట్టే ఉందే పెద్దమ్మా అన్నాడు. వాడికి ఆ నియమం చెప్పాను. వాడు ఒడ్డుకు పోయి పడవ ఉందో లేదో చూసుకుని వచ్చాడు.

నువ్వు ఆరోజు మూడు కాళ్ళ కర్ర నాటి, ఒక కన్ను మూసి చూస్తుంటే, పోర్టు వాళ్ళు భూములు కొలవడానికి మనిషిని పంపారని ఊళ్ళో పుకారు లేచింది. ప్రమీలమ్మ తన స్థలం కాగితాలు సంచిలో పెట్టుకుని ఒడ్డుకు వచ్చిందట. నువ్వు ఆమెను కొంచెం పక్కకు జరగమన్నావట. నన్ను ఖాళీ చేయిస్తారంట అని ఆమె రెండు రోజులు అన్నం తినలేదు. నేను వెళ్ళి, వాడు కొలిచేవాడు కాదు, నా తమ్ముడే అని చెప్పాల్సి వచ్చింది. మరి ఇంట్లోకి ఎందుకు రాలేదు అంది.

ఇంకో మాట. దీనికి మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. నీళ్ళలో ఎర్రగుడ్డ కట్టిన గుంజ నీ ఫోటోకు అడ్డమొస్తోందని, పది నిమిషాలు పీకి మళ్ళీ నాటమని చిన్నాను అడిగావట. అది హద్దు గుంజ. నువ్వు ఇదే ఊళ్ళో పుట్టావు, పోర్టులో పుట్టలేదు. ఆషాఢంలో పెద్దలు చీట్లు వేసి, ఏటిలో ఎవరి వల ఎక్కడో తేల్చి, ఇద్దరి వంతులకూ మధ్య ఆ గుంజ నాటి, గుడ్డ చుట్టి, టెంకాయ కొడతారు. మళ్ళీ ఆషాఢం దాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. పీకినవాడికి ఆ ఏడాది ఏటిలో వల లేదు. ఈసారి దానికి ఇవతల చిన్నా వంతు, అవతల పరంజ్యోతి వంతు. చిన్నా మంచివాడు కాబట్టి మామకు చాదస్తమని నవ్వి ఊరుకున్నాడు. పరంజ్యోతి విని ఉంటే నీ కెమెరా ఏటిలో ఉండేది.

ఎండు రొయ్యలు పంపుతున్నాను. వాటిని ఫోటో తీయకుండా తినండి.

అక్క కామమ్మ


కృష్ణపట్నం
5 అక్టోబరు 2025

అక్కా,

రొయ్యలు అందాయి. తిన్నాం. ఒక్కటే ఫోటో తీశాను, వండక ముందు.

ప్రమీలమ్మకు నా తరఫున క్షమాపణ చెప్పు. ఆమెను మళ్ళీ ఎక్కడా జరపను. హద్దు గుంజ సంగతి కూడా నువ్వు అన్నది న్యాయమే. ఇప్పుడు ఆ అవసరం కూడా తీరిపోయింది. నేను ఫోటో ఎడిటింగ్ నేర్చుకున్నాను. మా అబ్బాయి పాత కంప్యూటరులో సాఫ్ట్‌వేరు ఎక్కించి ఇచ్చాడు. ఫోటో తీయడం సగం పనేనని, మిగతా సగం కంప్యూటరు ముందు ఉంటుందని గురువు అంటాడు. నా లెక్కలో ముప్పావు అక్కడే ఉంది. గంగాభవాని లెక్కలో మొత్తం అక్కడే ఉంది. నీళ్ళ ట్యాంకు ఇంకా కారుతోంది.

ఆరోజు తీసిన ఏటి ఫోటో ఒకటి ఉంది. ఒడ్డున ఇటుక దిమ్మె, దాని పక్కన మడచెట్టు, మబ్బులు, ఎర్రటి నీళ్ళు. ఆ నీళ్ళలో గుంజలు, తాళ్ళు, ఒక ప్లాస్టిక్ డబ్బా. మూడు సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటీ తుడిచేశాను. హద్దు గుంజతో సహా. దేనికీ చెయ్యి తగల్లేదు, కాబట్టి తప్పు లేదనుకుంటున్నాను. ఇప్పుడు ఆ ఏరు దేవుడు అప్పుడే చేసి పెట్టినట్టుంది. మా టౌన్‌షిప్‌లో గాంధీ జయంతికి ఫోటోల పోటీ పెడితే దీనికి ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు. ప్రోత్సాహక బహుమతి మొత్తం పదకొండు మందికి ఇచ్చారు. అది వేరే సంగతి.

దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి మన గంగమ్మ గుడి పక్క హాలుకు కానుకగా పంపుతున్నాను. కింద నా పేరు చిన్నదిగా ఉంటుంది. నీ ఫోటో కూడా ఒకటి బాగు చేసి పెట్టాను. చూసి రాయి.

నీ తమ్ముడు
మాలకొండయ్య


మడకుప్పం
16 అక్టోబరు 2025

తమ్ముడికి,

నా ఫోటో అని పంపిన దాంట్లో ఉన్నావిడ ఎవరో తెలియలేదు. మా అత్త చెల్లెలు కొంచెం అలా ఉండేది, పెళ్ళి కాక ముందు. చీర నాదే కాబట్టి నేనే అనుకుంటున్నాను. ముడతలు తీసేశావు, సరే. ముక్కు పక్కన పుట్టుమచ్చ ఎందుకు తీసేశావు? మత్స్యకారుల సంఘం కార్డులో నా గుర్తు అదే. రేపు నేను పోతే ఈ ఫోటో గోడకు తగిలిస్తే, వచ్చినవాళ్ళు పరామర్శ వేరే ఇంట్లో చెప్పి పోతారు.

ఏటి ఫోటో హాల్లో పెట్టారు. గంగమ్మ క్యాలెండరు తీసి అక్కడ పెట్టి, అందరూ వచ్చి చూశారు. బాగుందనే అన్నారు. ఇది ఏ ఊరు అని కొందరు అడిగారు. పోలయ్య మామ ఊరిపెద్ద కాబట్టి ఏదో ఒకటి అనక తప్పదు. చాలాసేపు చూసి, "వలల్లేని ఏరు ఇదే మొదటిసారి చూడ్డం. మనోళ్ళంతా యాడికి పోయినారో" అన్నాడు. నీ బహుమతి సంగతి చెప్పాను. పదకొండు మంది సంగతి చెప్పలేదు.

నేను మాత్రం, నిజం చెబుతున్నాను, రోజూ సాయంత్రం పోయి ఒకసారి చూసి వస్తున్నాను. నీ పేరు ఉంది కదా.

కోడలు రోజారమణికి ఆరో నెల. చిన్నా వలలో ఈ పక్షం రొయ్య బాగానే పడింది.

అక్క కామమ్మ


మడకుప్పం
7 డిసెంబరు 2025

తమ్ముడికి,

తుఫాను సంగతి టీవీలో చూసే ఉంటావు. ఇల్లు నిలిచింది. వంటగది రేకు ఎగిరి సుబ్బు వాళ్ళ దొడ్లో పడితే తెచ్చుకున్నాం. చిన్నా పడవ ఇంజను నీళ్ళు మింగింది. మెకానిక్కు చూసి, ఇది బాగయ్యేది కాదన్నాడు. ఇక వాడికి మిగిలింది ఏటిలో వల ఒక్కటే. కోడలికి నెలలు దగ్గర పడుతున్నాయి.

ఇప్పుడు రాసేది జాగ్రత్తగా చదువు. వరద ఏటిలో గుంజలన్నీ ఊడబెరికి సముద్రంలోకి తీసుకుపోయింది. హద్దు గుంజ కూడా పోయింది. మళ్ళీ నాటుదామని పోతే గొడవ మొదలైంది. హద్దు గుంజ మడచెట్టుకు ఎదురుగా ఉండిందని చిన్నా అంటాడు. కాదు, ఇటుక దిమ్మెకు ఎదురుగా ఉండిందని పరంజ్యోతి అంటాడు. దిమ్మెకూ చెట్టుకూ మధ్య రెండు పడవల దూరం. అంతేనా అనుకోవద్దు. ఆటుకు నీళ్ళు తీసేటప్పుడు రొయ్య దిగేది ఆ రెండింటి మధ్య ఉన్న మడుగులోకే. అది ఎవరి వైపు ఉంటే వాళ్ళ ఇంట్లో ఈ చలికాలం పొయ్యి వెలుగుతుంది.

పెద్దలు హాల్లో కూర్చున్నారు. గుంజ నాటింది వాళ్ళే. నాటినప్పుడు పోలయ్య మామకు కంటి ఆపరేషన్ అయి పది రోజులు. మిగతా ఇద్దరిలో ఒకాయన దిమ్మె అన్నాడు, ఇంకొకాయన చెట్టు అన్నాడు. అప్పుడు ఎవరో, ఫోటో ఉంది కదా అన్నారు. నీ ఫోటో దించారు. పోలయ్య మామ అద్దాలు పెట్టుకుని చూశాడు. మిగతావాళ్ళు చూశారు. "ఇందులో గుంజే లేదే" అన్నాడు మామ. తర్వాత ముగ్గురూ, తమ చేతులతో టెంకాయ కొట్టి నాటిన గుంజను, అసలు ఈ ఏడాది నాటామా లేదా అని ఒకరినొకరు అడుక్కున్నారు. ఫోటో మీద అంత నమ్మకం వాళ్ళకు. నాటకపోతే చీట్లే చెల్లవు, ఇద్దరికీ వంతు లేదు అనేదాకా వచ్చింది.

నేను లేచి, ఆ గుంజను నా తమ్ముడు కంప్యూటరులో తుడిచేశాడని చెప్పాను. హాలంతా నా వైపు తిరిగింది. హద్దు గుంజను తుడవడానికి వాడెవడు అన్నారు. అందం కోసమన్నాను. తమ్ముడా, ఆ మాట అక్కడ చెప్పడానికి ఎంత సిగ్గేసిందో రాయలేను. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్ట వెలిగించుకుంటానన్నాడట ఇంకొకడు. నీ అందం అలా వినిపించింది నాకే.

తుడవక ముందుది ఉంటే తెప్పించమన్నారు. అమావాస్య దాకా గడువు. అప్పటిదాకా ఆ మడుగులో ఎవరూ వల కట్టకూడదు.

చిన్నా గంగమ్మ ముందు ప్రమాణం చేశాడు, చెట్టు దగ్గరేనని. నా కొడుకు గంగమ్మ ముందు అబద్ధం ఆడడు. అసలు ఫోటో పంపు. వెంటనే పంపు. అది లేదని మాత్రం రాయొద్దు.

అక్క


కృష్ణపట్నం
12 డిసెంబరు 2025

అక్కా,

అసలు ఫోటో ఉంది. తీసినదాన్ని ఎప్పుడూ చెరపకూడదని గురువు చెప్పిన నియమం ఒక్కటి నేను పాటించాను.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే వెతికాను. గుంజ కనిపించింది. ఎర్రగుడ్డ కూడా కనిపించింది. పెద్దది చేసి చూశాను. మళ్ళీ చూశాను. గంగాభవానిని పిలిచి, ఏమీ చెప్పకుండా, ఆ గుంజ దేనికి ఎదురుగా ఉంది అని అడిగాను. దిమ్మెకు అంది.

దిమ్మెకే అక్కా. చెట్టుకు కాదు. పరంజ్యోతి చెప్పిందే నిజం.

ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. చిన్నా మరిచిపోయి ఉంటాడని మొదట అనుకున్నాను. వాడు రోజూ రెండు పూటలా ఆ గుంజ పక్కనే వల ఎత్తాడు. మరిచిపోయేది కాదు. ఇంజను పోయింది, ఇంట్లో బిడ్డ పుట్టబోతోంది, భయపడ్డాడు. నేనైనా అదే చేసి ఉండేవాడినేమో. వాడు పుట్టినప్పుడు మొదట నా చేతుల్లోనే పెట్టావు. అది నాకు గుర్తుంది.

నిన్న సాయంత్రం ఇంకో పని చేశాను. ఆ గుంజను దిమ్మె దగ్గర నుంచి తీసి మడచెట్టు ఎదుటికి జరిపాను. నీళ్ళలో దాని నీడను కూడా జరిపాను. గుడ్డ మీద వెలుతురు పడే వైపు సరిచేశాను. ఎక్కడా అతుకు కనిపించదు. కెమెరా పట్టిన తర్వాత నేను చేసిన వాటిలో ఇదే బాగా వచ్చింది. అయ్యాక కంప్యూటరు మీద దుప్పటి కప్పేశాను.

రెండూ ప్రింటు వేయించి ఈ కవరులో పెట్టాను. వెనకాల పెన్సిలుతో ఒకటి, రెండు అని రాశాను. ఒకటోది నిజం. చూశాక అంకెలు చెరిపేయి. గుంజను తుడిచింది నేనేనని, అది నా తప్పని, ఇప్పుడు పంపేది అసలు ఫోటో అని పెద్దలకు వేరే ఉత్తరం రాసి పెట్టాను. ఏది ఇచ్చినా దానికి సరిపోతుంది.

ఏది ఇవ్వాలో నువ్వే చూసుకో. నేను తేల్చుకోలేక నీ మీద పెడుతున్నాను. ఇది పిరికితనమే. నన్ను తిట్టు, కానీ జవాబు రాయి.

మాలకొండయ్య


మడకుప్పం
31 డిసెంబరు 2025

తమ్ముడికి,

పోస్టాఫీసు నుంచి కవరు తెచ్చింది చిన్నానే. ఇచ్చి, అక్కడే నిలబడ్డాడు. మంచినీళ్ళు తెమ్మని పంపి విప్పాను. నీ ఉత్తరం చదివి, ఫోటోలు పక్కపక్కన పెట్టుకున్నాను. తిట్టమన్నావు. తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది. రెండింటిలో రెండోదే నిజంలా ఉంది. నా కంటికి కూడా అలాగే ఉంది. అంత బాగా ఎందుకు నేర్చుకున్నావు?

చిన్నాను అడగలేదు. అడిగితే వాడు ఒప్పుకుంటాడేమోనని భయం, ఒప్పుకోడేమోనని ఇంకా భయం.

అమావాస్య రోజు పొద్దున హాలుకు పోయాను. రెండు ఫోటోలూ చీర కొంగులో కట్టుకుని పోయాను. నీ దగ్గర దాచేదేముంది, ఇవ్వాలనుకున్నది రెండోదే. కోడలు వాకిట్లో నడుం పట్టుకుని నిలబడి ఉంది, వచ్చేటప్పుడు చూశాను. పరంజ్యోతికి రెండు పడవలున్నాయి, నా కొడుక్కి ఉన్న ఒక్కటీ కదలదు అని దారంతా నాకు నేను చెప్పుకున్నాను. గంగమ్మకు ఏదో మొక్కుకుందాం, ఆమె ఆడదే కదా, అర్థం చేసుకుంటుంది అనుకున్నాను.

పెద్దలకు నువ్వు రాసిన ఉత్తరం పోలయ్య మామ మనవరాలు వినీల చదివింది. అందరికీ వినబడేలా, నాకు కూడా వినబడేలా చదివింది. అందం కోసం తుడిచాను, అది నా తప్పు అన్న చోట ఎవరూ నవ్వలేదు. చదవడం అయ్యాక పరంజ్యోతి లేచాడు. వాడు అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"కామక్కా, నువ్వు ఏ ఫోటో తెచ్చినా నాకు సమ్మతమే. నేను దాన్ని చూసే పన్లేదు. తప్పు చేసినానని పదిమందిలో రాసి పంపినోడు మళ్ళీ అబద్ధం పంపడు. నువ్వైతే అసలే తేవు" అన్నాడు.

కొంగు ముడి విప్పాను. ఒకటోది తీసి ఇచ్చాను.

పెద్దలు చూశారు. దిమ్మె అన్నారు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. చిన్నా నేల చూస్తూ కూర్చున్నాడు. గంగమ్మ ముందు అబద్ధ ప్రమాణం చేసినందుకు వచ్చే ఆషాఢం దాకా వాడికి ఏటిలో సొంత వల లేదన్నారు. నేను అనడానికి ఏముంది, ఆ ఫోటో ఇచ్చింది నేనే.

నీ పెద్ద ఫోటో హాల్లో లేదు. తీసి కోళ్ళగూటికి కప్పారు. ఫ్రేము గట్టిది కాబట్టి వానకు పనికొస్తోందట. వచ్చే ఏడు గుంజలు నాటే రోజు నువ్వు వచ్చి, నాటినవి నాటినట్టు తీసి ఇవ్వాలని పోలయ్య మామ చెప్పమన్నాడు. ఒక్కొక్క గుంజ పక్కన దాని యజమాని నిలబడతాడట. ఈసారి వాటిని మధ్యలోనే పెట్టి తీయి.

తీర్పు అయ్యాక బయట పరంజ్యోతి చిన్నాతో, "రేపటి నుంచి నా పడవలో రారా" అన్నాడు. చిన్నా వినబడనట్టు వచ్చేశాడు. మూడు రోజులు ఇంట్లోనే గోడకు తిరిగి పడుకున్నాడు. నాలుగో రోజు పోయాడు. ఇప్పుడు రోజూ పోతున్నాడు, పరంజ్యోతి వల ఎత్తుతున్నాడు, అదే మడుగులో. ఇంటికి చేపలు తెస్తున్నాడు. నాతో మాట్లాడటం లేదు. రోజారమణి నా వైపూ వాడి వైపూ చూస్తూ కంచాలు పెడుతోంది.

నిన్న మాత్రం అన్నం దగ్గర ఒక మాట అడిగాడు. "అమ్మా, ఆరోజు కవరు పట్టుకుంటే లోపల రెండు ఫోటోలున్నట్టు తగిలింది. రెండోది ఏంది?" అన్నాడు.

వాడి ముఖం చూశాను. నేను దిమ్మె ఫోటో ఇచ్చింది వేరే దారి లేకనే అనుకుంటున్నాడు, తమ్ముడా. దారి ఉండి ఇవ్వలేదని తెలిస్తే ఈ జన్మలో నా చేతి అన్నం తినడు. బిడ్డ పుట్టాక నా చేతుల్లో పెట్టడు.

ఒకటే వచ్చిందిరా, రెండోది వెనక వేసిన అట్ట అని చెప్పాను. వాడు తలూపి, ఇంకొంచెం పులుసు పొయ్యమన్నాడు. పోశాను.

నువ్వు వచ్చినప్పుడు నిన్ను కూడా అడుగుతాడు. అట్ట అనే చెప్పు.

అక్క కామమ్మ